కుక్క ఫోటోల కోసం ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ రీలు: వాడి చూసి రాస్తున్న రివ్యూ

ఇంట్లో కుక్క ఉండి, బీరువాలో ఎక్కడో పాత ఫిల్మ్ కెమెరా కూడా పడి ఉన్నవాళ్ళకి ఈ రివ్యూ. ఈ రీలు గురించి రాసేవాళ్ళు వీధి ఫోటోలనీ, మనుషుల పోర్ట్రెయిట్లనీ చెప్తారు గానీ కుక్కల కోసమే వాడి వివరంగా చెప్పినవాళ్ళు నాకు పెద్దగా కనపడలేదు, అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. నేను దీన్ని చాలాకాలంగా మా కుక్క చుక్క మీద, తెలిసినవాళ్ళ కుక్కల మీద వాడుతున్నా. నా మాట ఒక్కటే. కుక్క స్వభావం ఫోటోలో పడాలంటే అది మనల్ని మర్చిపోయి తన మానాన తను ఉండాలి, అలా ఉండాలంటే మనం పెద్ద లైట్లు పెట్టకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు, ఇటు చూడు ఇటు చూడు అని వెంటపడకూడదు, ఇంట్లో ఉన్న వెలుతురులోనే ఓ మూల కూర్చుని తీయగలగాలి. ఆ పని ఈ రీలు చేయనిస్తుంది. నేను దీనికి మార్కులు వేసేది ముఖ్యంగా అందుకే, షార్ప్‌నెస్సు, గ్రెయిను (ఫోటోలో కనపడే సన్నని రవ్వలు) అవన్నీ తర్వాత.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది ఐఎస్ఓ 400 (వెలుతురికి ఫిల్మ్ ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె ఇది) బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్ ఫిల్మ్, తయారీ ఇంగ్లండ్‌లో. హెచ్‌పీ అనే పేరు 1930ల నుంచీ ఉంది, మారుతూ మారుతూ 1976లో హెచ్‌పీ5, 1989లో ఇప్పుడు మనం కొనే హెచ్‌పీ5 ప్లస్ వచ్చాయి. 35ఎంఎంలో 24, 36 ఫ్రేముల రీళ్ళు ఉంటాయి, మీడియం ఫార్మాట్‌కి, అంటే కాస్త పెద్ద నెగెటివ్ తీసే కెమెరాలకి, 120 రీలు ఉంటుంది, పెద్ద కెమెరాలకి షీట్లు కూడా దొరుకుతాయి. అంటే ఏ కెమెరా ఉన్నా దాదాపు అందరికీ పనికొస్తుంది.

అసలు కుక్కకి బ్లాక్ అండ్ వైట్ ఎందుకు, ఫోన్‌లో రంగుల్లో అంత చక్కగా వస్తుంటే అని చాలామంది అడుగుతారు. మీ ఫోన్‌లో ఉన్న మీ కుక్క ఫోటోలు వరసగా తిప్పి చూడండి ఒకసారి. ఎర్ర బెల్టు, పచ్చ గడ్డి, నీలం దుప్పటి, గులాబీ నాలుక, మన కన్ను ముందు వీటి మీదే పడుతుంది, కుక్క ముఖం దగ్గరికి ఆఖర్న వస్తుంది. రంగు తీసేస్తే ఇక మిగిలేవి కంటి పైన మడత, చెవి ఎటు తిరిగింది, మెడ ఎంత బిగిసింది, ఒంటి బరువు ముందు కాళ్ళ మీద ఉందా వెనక కాళ్ళ మీద ఉందా, ఇవే. కుక్క మాట్లాడేది వీటితోనే కదా. 2019లో ఓ పరిశోధన వచ్చింది, కుక్కలకి లోపలి వైపు కనుబొమని పైకి లేపే చిన్న కండరం ఒకటి బాగా ఎదిగి ఉంటుందనీ, తోడేళ్ళలో అది సరిగ్గా ఉండదనీ, మనుషులతో కలిసి బతకడం వల్లే ఈ తేడా వచ్చి ఉండొచ్చనీ అందులో చెప్పారు. మనం అయ్యో పాపం అనుకుని కరిగిపోయే ఆ చూపు ఆ కండరం పనే. అది కదిలినప్పుడు కంటి పైన పడే చిన్న నీడ రంగుల ఫోటోలో బొచ్చు రంగులో కలిసిపోతుంది, బ్లాక్ అండ్ వైట్‌లో పక్క నుంచి వెలుతురు పడితే మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

మా చుక్క నల్లది, ఛాతీ మీద అరచేతిలో సగమంత తెల్ల మచ్చ, ఒక చెవి నిటారుగా ఉంటుంది, రెండోది సగానికి వాలి ఉంటుంది. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే ఇది మొరగదు. లేచి వెళ్ళి తలుపుకీ వాళ్ళకీ మధ్యలో కూర్చుంటుంది, తల పక్కకి తిప్పుకుని ఏమీ పట్టనట్టే ఉంటుంది గానీ ఆ నిటారు చెవి మాత్రం వాళ్ళ మాట వైపే తిరిగి ఉంటుంది. దాని మనసంతా అందులోనే ఉంది, అనుమానమూ మర్యాదా రెండూ ఒకేసారి. రంగుల్లో ఎన్ని తీసినా నల్లటి ముద్ద, అందులో రెండు మెరుపులు, అంతే వచ్చేవి. ఈ రీలు మీద కిటికీ పక్క వెలుతురులో తీసినప్పుడు ఆ చెవి, ఆ పక్కచూపు, ఛాతీ ముందుకి పెట్టి కూర్చున్న తీరు, అన్నీ ఒకే ఫ్రేములో పడ్డాయి. దాన్ని ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా ఆ ప్రింట్ చూసి "ఇది ఎవర్నీ అంత తేలిగ్గా నమ్మేలా లేదే" అన్నారు. ఇంతకంటే ఏం కావాలి ఓ ఫోటోకి.

ఇప్పుడు వెలుతురు సంగతి. పగటిపూట కిటికీకి దగ్గర్లో కుక్క పడుకుని ఉందనుకోండి, 400 దగ్గర ఎఫ్ 2.8 (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, చిన్నదైతే ఎక్కువ వెలుతురు), షట్టర్ సెకనులో 1/125 వంతు అటూఇటుగా దొరుకుతుంది. కదలకుండా ఉన్నప్పుడు అది సరిపోతుంది. లేచి ఒళ్ళు విరుచుకుంటేనో తల విదిలిస్తేనో సరిపోదు. బయట మబ్బు పట్టిన రోజున అయితే ఇదే రీలుకి ఎఫ్ 5.6, 1/500 వస్తుంది, నడిచే కుక్కకీ ఆడుకునే కుక్కకీ అది చక్కగా పనికొస్తుంది. నిజం చెప్పాలంటే మబ్బు పట్టిన రోజే కుక్కల ఫోటోలకి మంచి రోజు, ఎండలో అయితే కళ్ళు చికిలిస్తాయి, నోరు తెరిచి రొప్పుతాయి, మూతి కింద గట్టి నీడ పడుతుంది. ఇక ఇంటి లోపలి మూలల్లో, సోఫా కింద, వరండా చివర, సాయంత్రం దీపం కింద, అంటే కుక్క నిజంగా తనలా ఉండే చోట్లలో 400 చాలదు. అక్కడే ఈ రీలు అసలు బలం బయటికొస్తుంది, దీన్ని 800 అనో 1600 అనో అనుకుని తీసి, కడిగేటప్పుడు ఎక్కువసేపు ఉంచితే నిలబడుతుంది. కంపెనీ వాళ్ళే 3200 దాకా వెళ్ళొచ్చని చెప్తారు. నేను 1600 దాటి వెళ్ళను, ఎందుకో చెప్తా.

ఇలా ఎక్కువ అంకె అనుకుని తీసి ఎక్కువసేపు కడగడాన్నే పుష్ చేయడం అంటారు, దాంతో ఫిల్మ్ సెన్సిటివిటీ నిజంగా పెరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా ఏం జరగదు. వెలుతురు తగలని చోట ఎంతసేపు కడిగినా ఏమీ రాదు, తగిలిన చోటే ఇంకా దట్టమవుతుంది, దాంతో కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల మధ్య తేడా) పెరుగుతుంది, నీడల్లో వివరం పోతుంది. గోధుమ రంగు కుక్కకో మచ్చల కుక్కకో ఇది పెద్ద నష్టం కాదు, పైగా ఆ గట్టి కాంట్రాస్ట్ కొన్ని కుక్కలకి బాగా నప్పుతుంది, ముఖ్యంగా పొట్టి బొచ్చు, కండలు కనపడే రకాలకి. నల్ల కుక్కకి మాత్రం 1600 అంటే చాలా జాగ్రత్తగా ఉండాలి, ఒంటి మీద బొచ్చంతా నీడ కిందే లెక్క కాబట్టి పక్కటెముకల దగ్గర వంపు, మెడ దగ్గర సుడి ఇవన్నీ నల్లగా మూసుకుపోతాయి. చుక్కకి నేను 400 లేదా మహా అయితే 800తో ఆపుతా. మా ఫ్రెండ్ వాళ్ళ లేత గోధుమ రంగు లాబ్రడార్‌ని అయితే రాత్రి టేబుల్ ల్యాంప్ వెలుతురులో 1600లో తీశా, ముక్కు పైన గ్రెయిను తేలింది గానీ దాని ముఖంలో ఉండే ఆ అమాయకత్వం ఎక్కడా చెక్కుచెదరలేదు, వాళ్ళావిడ అది ఫ్రేము కట్టించుకుని హాల్లో పెట్టుకుంది.

నల్ల కుక్క అన్నాను కాబట్టి మీటర్ గురించి చెప్పకపోతే సగం చెప్పినట్టే. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కి నల్లదీ తెల్లదీ తెలీదు, ఎదురుగా ఏమున్నా దాన్ని మధ్యస్థమైన బూడిద రంగుగా చేయాలని చూస్తుంది. ఫ్రేమంతా నల్ల బొచ్చు నిండితే మీటర్ చెప్పినట్టు తీస్తే కుక్క బూడిద కుక్క అయిపోతుంది, ఛాతీ మీద తెల్ల మచ్చేమో కాలిపోయినట్టు వస్తుంది. స్పాట్ మీటర్ (ఒక చిన్న చోట వెలుతురునే కొలిచేది) ఉంటే నల్ల బొచ్చు మీదే చూసి దానికంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాపు అంటే వెలుతురు సగం కావడమో రెట్టింపు కావడమో) తగ్గించండి, నలుపు నలుపులాగా ఉంటుంది, లోపల వెంట్రుకలూ కనపడతాయి. స్పాట్ మీటర్ లేకపోతే మీ అరచేయి కుక్క పక్కన అదే వెలుతురులో పెట్టి దాని మీద మీటర్ చూసుకున్నా చాలావరకు దారిలో పడతారు. తెల్ల కుక్కకి అంతా తిరగేసి, మీటర్ చెప్పిన దానికంటే ఒకటి ఒకటిన్నర స్టాపు ఎక్కువ ఇవ్వాలి. ఇక్కడ ఈ రీలు మీద నాకున్న గౌరవం ఏంటంటే, ఎక్కువ వెలుతురు పడినా తట్టుకుంటుంది, ఒక స్టాపు రెండు స్టాపులు ఎక్కువైనా ప్రింట్ చేసుకోగలం. తక్కువ పడితేనే కష్టం. అందుకే అనుమానం వస్తే ఎక్కువ వైపుకే ఒరగండి.

కళ్ళు. ఏ కుక్క ఫోటో అయినా కళ్ళ దగ్గరే నిలబడుతుంది లేదా పడిపోతుంది. చాలా కుక్కల కళ్ళు ముదురు గోధుమ రంగులో ఉంటాయి, బ్లాక్ అండ్ వైట్‌లో కంటి పాప, దాని చుట్టూ ఉండే వలయం రెండూ ఒకటే నలుపైపోయి చూపు ఎటు ఉందో తెలియకుండా పోతుంది. దీనికి మందు ఒక్కటే, వెలుతురు పక్క నుంచి, కాస్త పై నుంచి రావాలి. అలా వస్తే ఆ గోధుమ వలయంలోకి వెలుతురు దిగి అంచు తెలుస్తుంది, కిటికీ ప్రతిబింబం కూడా చిన్న చుక్కగా పడుతుంది, ఆ చుక్క ఉంటేనే కంట్లో ప్రాణం ఉన్నట్టుంటుంది. ఫ్లాష్ జోలికి మాత్రం వద్దు, కుక్క కంటి లోపల వెలుతురుని వెనక్కి తిప్పికొట్టే పొర ఉంటుంది, రాత్రిపూట వాటికి బాగా కనపడేది దాని వల్లే, ఫ్లాష్ పడితే అదే పొర తెల్లటి బిళ్ళలా మెరుస్తుంది. ఆ ఫోటోలో ఇక కుక్క ఉండదు.

ఫోకస్ దగ్గర ఇంకో చిక్కుంది, మనుషుల పోర్ట్రెయిట్లు తీసి అలవాటైనవాళ్ళకి ఇది తట్టదు. మనిషి ముఖం దాదాపు చదునుగా ఉంటుంది, కుక్కకేమో ముక్కుకీ కంటికీ మధ్య పొడుగాటి మూతి ఉంది. 85ఎంఎం లెన్స్‌తో మీటరున్నర దూరం నుంచి ఎఫ్ 1.8లో తీస్తే ఫోకస్‌లో ఉండేది సుమారు మూడు సెంటీమీటర్లే. కన్ను పదునుగా ఉంటే ముక్కు మసక, ముక్కు పదునుగా ఉంటే కన్ను మసక. ఎఫ్ 5.6 దాకా వెళ్తే పది సెంటీమీటర్ల దాకా వస్తుంది, మధ్యస్థంగా ఉండే కుక్క మూతికి అది సరిపోతుంది. అంటే వెలుతురు కావాలి, వెలుతురు లేని చోట రీలుకి స్పీడు, అంటే ఎక్కువ ఐఎస్ఓ కావాలి, మళ్ళీ తిరిగి తిరిగి మనం ఈ రీలు దగ్గరికే వస్తాం. ఐఎస్ఓ 100 రీలు గ్రెయిను ఎంత నున్నగా ఉన్నా ఇంట్లో కుక్కకి ఎఫ్ 5.6 ఇవ్వలేదు.

ఇంకో సంగతి మరీ ముఖ్యం, కెమెరా పెట్టేముందు కుక్క భాష కాస్త చదువుకోండి. కుక్కలు సుమారు 45,000 హెర్ట్జ్ దాకా వినగలవు, మనకి 20,000తో సరి. మనకి టిక్కుమని వినపడే షట్టర్ వాటికి ఎలా వినపడుతుందో ఆలోచించండి. దానికి తోడు పెద్ద గుండ్రటి గాజు కన్ను ఒకటి ఎదురుగా పెట్టి కదలకుండా చూస్తుంటే వాటి లెక్కలో అది గుడ్లురిమి చూడటమే. అప్పుడు కుక్క నాలుకతో ముక్కు తడుముకుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, తల తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూస్తుంది. ఇవి ఇబ్బంది పడుతున్నానని చెప్పే గుర్తులు. ముద్దొస్తోందని జనం పంచుకునే ఫోటోల్లో ఇవి ఎన్ని ఉంటాయో, చూసిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. అందులో కుక్క స్వభావం లేదు, కెమెరా అంటే దానికున్న భయం ఉంది. రీలు లేకుండా ఖాళీ కెమెరా తీసుకుని కొన్నాళ్ళు దాని పక్కన ఊరికే క్లిక్కుమనిపిస్తూ, ప్రతి క్లిక్కుకీ దానికిష్టమైంది ఏదో ఒకటి నోట్లో పెడుతూ ఉండండి. ఆ శబ్దం అలవాటయ్యాకే రీలు వేయండి. కింద నేల మీద కూర్చోండి, దాని కళ్ళ ఎత్తుకి రండి, ఎదురుగా కాకుండా కాస్త పక్కగా ఉండండి. లెన్స్ ఎక్కువసేపు దాని మీదే గురిపెట్టకుండా మధ్యమధ్యలో దించుతూ ఉండండి.

36 ఫ్రేములే ఉండటం కుక్కల విషయంలో లాభమే. ఫోన్‌తో అయితే కుక్క కనపడగానే వరసగా నొక్కేస్తాం, ఫిల్మ్ అయితే ముందు చూడటం మొదలుపెడతాం. చూడగా చూడగా దాని రోజు మనకి తెలుస్తుంది, ఏ వేళకి ఎక్కడ పడుకుంటుంది, తలుపు చప్పుడుకి ముందు ఏ చెవి లేస్తుంది, బంతి దొరక్క విసుగొస్తే ముందు నిట్టూరుస్తుందా గుర్రుమంటుందా. అప్పుడు కెమెరా కంటికి పెట్టుకుని ఆ క్షణం కోసం కాచుకోవచ్చు. కుక్కల బ్లాక్ అండ్ వైట్ ఫోటోలకి ప్రపంచమంతా తెలిసిన ఎలియట్ ఎర్విట్ 1974లో న్యూయార్క్‌లో తీసినదొకటి ఉంది, ఓ చిన్న చివావా టోపీ పెట్టుకుని నిలబడి ఉంటుంది, పక్కనే ఓ మనిషి బూట్లు, ఆ పక్కన గ్రేట్ డేన్ అనే భారీ కుక్క కాళ్ళు, అంతే. కెమెరాని నేలకి దించడం ఒక్కటీ ఏం చేస్తుందో దాంట్లో చూడొచ్చు, ఆ చిన్న కుక్క ఆ ఎత్తులోంచి ఎంత ధీమాగా చూస్తుందో. అసలు కుక్కల్ని నిలబడి పై నుంచి తీయడం మానేస్తే మీ ఫోటోలు సగం బాగుపడతాయి, దానికి ఏ రీలూ అక్కర్లేదు.

గోధుమ, ఎరుపు, బంగారు రంగు బొచ్చున్న కుక్కలైతే లెన్స్ ముందు ఫిల్టర్ ఒకటి కొనుక్కోండి. ఈ రీలు అన్ని రంగుల వెలుతురికీ స్పందించే రకం కాబట్టి ఫిల్టర్‌తో ఏ రంగు లేతగా రావాలో ఏది ముదురుగా రావాలో మనం నిర్ణయించుకోవచ్చు. నారింజ ఫిల్టర్ పెడితే బంగారు రంగు బొచ్చు లేతగా వెలుగుతుంది, వెనక గడ్డి ముదురైపోయి కుక్క ముందుకొస్తుంది, తేనె రంగు కళ్ళున్న కుక్కలకైతే కంటి వలయం లేతగా మారి నల్ల పాప విడిగా తేలుతుంది, చూపు సూటిగా తగులుతుంది. పసుపు ఫిల్టర్‌కి సుమారు ఒక స్టాపు, నారింజకి రెండు, ఎరుపుకి మూడు స్టాపుల వెలుతురు పోతుంది, ఇంట్లో వాడలేం, బయటే. నల్ల కుక్కకి వీటి వల్ల పెద్ద తేడా రాదు, ఆ డబ్బు మిగుల్చుకోండి.

గ్రెయిను గురించి కొంతమంది ముఖం చిట్లిస్తారు. 35ఎంఎంలో గ్రెయిను కనపడుతుంది, ఇదే కంపెనీ రీలు డెల్టా 400 దీనికంటే నున్నగా ఉంటుంది, ఆ తేడా నిజమే. కానీ కుక్క బొచ్చు మీద ఈ గ్రెయిను కలిసిపోతుంది, కంటికి అడ్డం రాదు. ఫోన్‌లో తక్కువ వెలుతురులో తీసి ఫోన్‌లోని బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ వేస్తే జరిగేది వేరు, నాయిస్ (చీకట్లో వచ్చే చుక్కలు) తగ్గించాలని ఫోన్ వెంట్రుకలన్నీ కలిపి పులిమేస్తుంది, కుక్క ఒంటి మీద మైనం పూసినట్టు తయారవుతుంది. హెచ్‌పీ5లో వెంట్రుక వెంట్రుకలాగే ఉంటుంది, తడి ముక్కు మీద గరుకు, మీసాల మొదళ్ళలో చుక్కలు, ముసలి కుక్క మూతి మీద నెరిసిన వెంట్రుకలు విడివిడిగా కనపడతాయి. నెరిసిన మూతి విషయంలో దీనికి సాటి లేదని నా గట్టి నమ్మకం. ముసలి కుక్కల్ని తీయండి దయచేసి, అందరూ కూనల్నే తీస్తారు. వాటి ఆయుష్షు మనకంటే ఎంతో తక్కువ, సరిగ్గా కడిగి ఆరబెట్టి దాచిన బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్ మాత్రం మన తర్వాత కూడా ఉంటుంది.

కడిగించడం దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి, ఈ రీలుతో జరిగే అన్యాయం అంతా అక్కడే. రంగుల రీళ్ళు కడిగే సీ-41 కెమికల్స్‌లో హెచ్‌పీ5 వేయకూడదు, బొమ్మ మొత్తం వెండి మీదే ఉంటుంది, ఆ కెమికల్స్ ఆ వెండిని పూర్తిగా లాగేస్తాయి, రీలు ఖాళీగా పారదర్శకంగా బయటికొస్తుంది. నాకు తెలిసినావిడ ఒకావిడ పదిహేనేళ్ళ ముసలి కుక్కని తీసిన రీలు ఓ ల్యాబ్‌కి ఇస్తే వాళ్ళు సరిగ్గా ఇదే చేశారు, రీలు మీద బ్లాక్ అండ్ వైట్ అని రాసే ఉంది, చదివే ఓపిక లేకపోయింది వాళ్ళకి. ఆ కుక్క ఇప్పుడు లేదు, ఆ ఫోటోలు ఇక రావు. అందుకే ల్యాబ్‌లో ఇచ్చేటప్పుడు "ఇది సీ-41 కాదు, బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌లో కడగాలి" అని నోటితో చెప్పండి, కవరు మీద రాయండి, పుష్ చేసి ఉంటే ఎంతకి తీశారో అది కూడా రాయండి. ఇంట్లోనే కడుక్కోవడం ఇంకా మేలు. ఐడీ-11 అనే డెవలపర్ (బొమ్మని తేల్చే కెమికల్) నీళ్ళు కలపకుండా 20 డిగ్రీల దగ్గర వాడితే 400కి ఏడున్నర నిమిషాలు, 800కి పదిన్నర, 1600కి పద్నాలుగు. ఫిల్మ్ కడిగే ట్యాంకు ఒకటి, థర్మామీటర్, చీకటి చేయగలిగిన గది ఉంటే చాలు, డార్క్‌రూమ్ అక్కర్లేదు, రీలు ట్యాంకులోకి ఎక్కించేదాకే చీకటి కావాలి. వేడిగా ఉండే చోట ఉంటే నీళ్ళ ఉష్ణోగ్రత చూసుకోండి, పెరిగితే టైము తగ్గించాలి.

ఈ తంటా లేకుండా మామూలు రంగుల ల్యాబ్‌లోనే పని కావాలనుకునేవాళ్ళకి అదే కంపెనీ ఎక్స్‌పీ2 సూపర్ ఉంది, అది బ్లాక్ అండ్ వైటే గానీ సీ-41లో కడిగేలా చేశారు, గ్రెయిను కూడా మెత్తగా ఉంటుంది. దాన్ని నేను వేరే పనులకి వాడతా, కుక్కలకి నాకు హెచ్‌పీ5 మీదే మనసు, పుష్ చేసుకునే వీలు దీనికే ఎక్కువ. కొడాక్ ట్రై-ఎక్స్ 400తో పోల్చమని అడుగుతారు చాలామంది. ట్రై-ఎక్స్‌లో కాంట్రాస్ట్ కాస్త గట్టిగా ఉంటుంది, హెచ్‌పీ5 400 దగ్గర కొంచెం చప్పగా అనిపిస్తుంది మొదట్లో. నల్ల ఒళ్ళు తెల్ల ఛాతీ ఉన్న కుక్కకి ఆ మెత్తదనమే కావాలి, నలుపూ తెలుపూ రెండు చివర్లూ నెగెటివ్‌లో నిలబడి ఉంటే కాంట్రాస్ట్ ప్రింట్‌లో మనం పెంచుకోవచ్చు, పోయిన వివరాన్ని మాత్రం తెచ్చుకోలేం. చీకట్లో పూర్తిగా మునిగిపోయేవాళ్ళకి డెల్టా 3200 రీలు ఉంది, గ్రెయిను బాగా పెద్దది. డిజిటల్‌లోనే ఉండాలంటే బ్లాక్ అండ్ వైట్ మాత్రమే తీసే కెమెరాలు కూడా వచ్చాయి, లైకా ఎమ్ మోనోక్రోమ్ 2012లో, పెంటాక్స్ కే-3 మార్క్ త్రీ మోనోక్రోమ్ 2023లో. వాటి ఫైళ్ళు చూశాను, తక్కువ వెలుతురులో అద్భుతంగా ఉన్నాయి, పరుగెత్తే కుక్కలకైతే వాటికే ఓటేస్తా.

పరుగు గురించి అడిగితే సూటిగా చెప్తా, మాన్యువల్ ఫోకస్ కెమెరాలో ఈ రీలు వేసుకుని మీ వైపుకి దూసుకొచ్చే కుక్కని తీయాలంటే చాలా ఫ్రేములు పోతాయి. 1/500 ఉన్నా ఫోకస్ దొరకదు, అది రీలు తప్పు కాదు. అలాంటి కుక్క మీదైతే, ఎప్పుడూ గెంతుతూనే ఉండి కూర్చోవడమే తెలియని రకమైతే, తోకా చెవులూ చెదిరిపోయేలా 1/30లో తీసి చూడండి, ముఖం ఒక్కటీ కాస్త నిలబడితే చాలు, ఆ కుక్క స్వభావం ఆ చెదరడంలోనే పడుతుంది. కూర్చునే కుక్కకి, కాపు కాసే కుక్కకి, ఆలోచించే కుక్కకి, ముసలి కుక్కకి మాత్రం ఇంకేమీ చూడకుండా ఈ రీలు కొనేయొచ్చు. కొనేటప్పుడు 24 కంటే 36 ఫ్రేములది తీసుకోండి, మొదటి రీలంతా 400లోనే కిటికీ పక్కన తీయండి, అది కడిగి నెగెటివ్‌లు చూసుకున్నాకే 1600 జోలికి వెళ్ళండి, ఎందుకంటే రీలు సగంలో ఐఎస్ఓ మారిస్తే మిగతా సగం పాడవుతుంది, మొత్తం రీలుకి కడిగే టైము ఒకటే.